ఫిల్టరుకు రంధ్రాలు పెట్టే ముందు: సైకిల్ ఇంజను కార్బురేటర్‌తో నా అనుభవం

నా సైకిల్‌కు ఉన్నది కిట్‌గా దొరికే టూ-స్ట్రోక్ ఇంజను. 80 సిసి అని అమ్ముతారు కానీ బోరు (సిలిండర్ వ్యాసం) 47, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 38 మిల్లీమీటర్లు. లెక్క కడితే 66 సిసి కూడా సరిగ్గా రాదు. దాంతో వచ్చిన కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే భాగం) ఇలాంటి కిట్లన్నిటికీ వచ్చే రకమే. థ్రాటిల్‌తో లేచే ఒక స్లైడు, దానికి వేలాడే ఒక నీడిల్, పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రమున్న ఒక మెయిన్ జెట్, థ్రాటిల్ తిప్పనప్పటి వేగం సరిచేసే ఐడిలింగ్ స్క్రూ. మోటార్‌సైకిళ్ళకు ఉన్నట్టు గాలి పాళ్ళు సరిచేసే స్క్రూ విడిగా ఉండదు.

రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజనును మెల్లగా నడిపే దశ) అయిపోయినా రెండు ఇబ్బందులు వదల్లేదు. థ్రాటిల్ ముప్పావు దాటించి తిప్పితే స్పీడు పెరగాల్సింది పోయి ఇంజను 'బర్ర్‌ర్' అంటూ జలుబు చేసిన గొంతులా మారిపోయేది. థ్రాటిల్ మూసేస్తే మాత్రం వెంటనే నెమ్మదించేది కాదు. కొన్ని క్షణాలు రేజ్‌లోనే ఉండి, అప్పుడు తీరిగ్గా దిగేది. ఐడిలింగ్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ.

మొదటిది పెట్రోలు ఎక్కువైన లక్షణం. టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ ఒకసారి మండాలి. మిశ్రమం మరీ చిక్కగా ఉంటే ఒక చుట్టు మండకుండా పోయి, రెండు చుట్లకొకసారి మండుతుంది. ఫోర్-స్ట్రోకింగ్ అంటారు దాన్ని. రెండోదేమో గాలి ఎక్కువైన లక్షణం. జెట్ చిన్నది వేస్తే మొదటిది పోతుంది, రెండోది ముదురుతుంది. పెద్దది వేస్తే అటుది ఇటు. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే, ఎందుకంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే టూ-స్ట్రోక్‌లో పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గుతుంది. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

ఎవర్ని అడిగినా ఒకటే సలహా. గాలి ఫిల్టరు డబ్బాకు నాలుగు రంధ్రాలు పెట్టు, గాలి బాగా ఆడుతుంది, పికప్ దానంతటదే వస్తుంది. కానీ థ్రాటిల్ మూసినా ఇంజను దిగట్లేదంటే, గాలి ఫిల్టరు నుంచి కాకుండా ఇంకెక్కడినుంచో వస్తోందని నా అనుమానం. ఆ సంగతి తేలేదాకా డ్రిల్లు ముట్టుకోకూడదనుకున్నాను.

నవంబరు మొదట్లో జెట్ల సెట్టు, అతుకుల మధ్య పెట్టే గాస్కెట్ షీట్లు రెండు, ప్లగ్గులు ఆర్డరిచ్చాను. రావడానికి రెండు వారాలు పైనే పట్టింది. ఆ ఖాళీలో డబ్బు అక్కర్లేని పనులు చేసుకున్నాను. ట్యాంకు మూతకున్న సన్నటి గాలిరంధ్రం తెరుచుకునే ఉందా, పైపు కార్బురేటర్ దగ్గర ఊడదీస్తే పెట్రోలు చుక్కలుగా కాకుండా ధారగా పడుతోందా, థ్రాటిల్ కేబుల్‌లో కాస్త వదులు ఉందా, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే స్లైడు దానంతటదే లేస్తోందా. అన్నీ బాగానే ఉన్నాయి. పెట్రోలు ధార చూడటం మామూలు పనే అనిపిస్తుంది కానీ, మూత రంధ్రం మూసుకుపోయిన బండి కొంత దూరం బాగా పోయి తర్వాత ఆగిపోతుంది. అప్పుడు కార్బురేటర్ విప్పి ఎంత వెతికినా ఏమీ దొరకదు.

తర్వాత లీకు వెతుకులాట. నడుస్తున్న ఇంజను మీద కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి చూడమని చాలామంది చెప్తారు. వేడి సైలెన్సరు పక్కనే మండే ద్రవం కొట్టడానికి నాకు మనసొప్పలేదు. సబ్బునీళ్ళు ఒక స్ప్రే సీసాలో పోసుకుని, ఐడిలింగ్‌లో పెట్టి, మేనిఫోల్డు (కార్బురేటర్ నుంచి ఇంజనుకు పోయే గొట్టం) సిలిండర్‌కు బిగించే చోట సన్నగా కొట్టాను. ఇంజను చప్పుడు మారింది. ఒక్క క్షణం కుంటి, మళ్ళీ అందుకుంది. కార్బురేటర్ మేనిఫోల్డు గొట్టం మీద కూర్చునే క్లాంపు దగ్గర కూడా అంతే, కాకపోతే కొంచెం తక్కువ. దొంగగాలి రెండు చోట్ల నుంచి వస్తోందన్నమాట.

అయినా క్రాంకు సీళ్ళు (క్రాంకు షాఫ్టు చుట్టూ గాలి కారకుండా ఆపే రింగులు) బాగున్నాయో లేదో తెలియదు. మాగ్నెటో (ప్లగ్గుకు కరెంటు ఇచ్చే భాగం) వైపు సీలు కారినా ఇవే లక్షణాలు. దానికి పాత సైకిల్ ట్యూబు పనికొచ్చింది. వాల్వు ఉన్న ముక్క కోసి, కార్బురేటర్ తీసేసిన మేనిఫోల్డు గొట్టానికి తొడిగి క్లిప్పు బిగించాను. ట్యూబు రెండో కొస మడిచి కట్టేశాను. సైలెన్సరు విప్పి, ఆ రంధ్రానికి రబ్బరు ముక్క అడ్డంపెట్టి, పైన రేకు పెట్టి నట్లు వేశాను. పిస్టన్ పైకి తెచ్చి పెట్టాలి, అప్పుడే ఇన్‌టేక్ పోర్టు తెరుచుకుని గాలి క్రాంకు కేసులోకి వెళ్తుంది. గేజి ఉన్న సైకిల్ పంపుతో 5, 6 పిఎస్‌ఐ దాటకుండా కొట్టాలి. ఎక్కువ కొడితే మంచి సీలు కూడా లేచిపోతుంది. ఇక్కడ ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి సబ్బునీళ్ళు నిర్భయంగా పూయొచ్చు. సీళ్ళ దగ్గర ఏమీ లేదు. మేనిఫోల్డు అడుగున మాత్రం నురగ పొంగుతూనే ఉంది. దాన్ని చూసి నిజంగా సంతోషం వేసింది. క్రాంకు సీలు మార్చడమంటే క్లచ్ గేరు, మాగ్నెటో ఊడదీసే పని. అది తప్పింది.

మేనిఫోల్డు విప్పి, సిలిండర్‌కు ఆనే దాని అంచును, అంటే ఫ్లాంజిని, అద్దం ముక్క మీద పెట్టి చూస్తే రెండు చివర్లూ ఆని, మధ్యలో వెలుతురు కనిపిస్తోంది. నట్లు ఎంత బిగిస్తే అంత వంగుతుందది. అద్దం మీద ఎమరీ పేపరు పరిచి, నూనె చుక్క వేసి, ఎనిమిది ఆకారంలో రుద్దుతూ పోయాను. మెత్తటి అల్యూమినియం కావడంతో గంట కూడా పట్టలేదు. ఉపరితలమంతా ఒకే రంగు మెరుపు వస్తే చదునైనట్టే.

కిట్‌తో వచ్చిన గాస్కెట్‌ది మరో కథ. దాని రంధ్రం సిలిండర్ పోర్టు కంటే చిన్నది. చుట్టూ రెండు మిల్లీమీటర్ల కాగితం దారికి అడ్డంగా నిలబడి ఉంది. గాలి బాగా ఆడాలని ఫిల్టరు కోసేవాళ్ళు ఒక్కసారి ఇక్కడ చూస్తే బాగుణ్ణు. పోర్టు మీద కాగితం ఒత్తి, వేలితో అంచు గుర్తు తీసుకుని, షీటులోంచి కొత్త గాస్కెట్ కోశాను. మేనిఫోల్డు లోపల పోత పోసినప్పటి మెట్టు ఒకటి తగిలింది. దాన్ని గుండ్రటి ఆకురాయితో నున్నగా చేశాను. పెద్దది చేయలేదు, మెట్టు తీశానంతే. అద్దంలా పాలిష్ చేయాల్సిన పని కూడా లేదు.

క్లాంపు దగ్గర లీకుకు మామూలు సిలికాన్ రాస్తారు కొందరు. అది పెట్రోలుకు ఉబ్బి, ఊడి, ముక్కలు ఇంజన్లోకి పోతాయి. పెట్రోలుకు తట్టుకునే రబ్బరు ఓ-రింగు ఒకటి కార్బురేటర్ గొంతు లోపల కూర్చోబెట్టి, గొట్టం దాని మీద గట్టిగా ఆనేలా నొక్కి క్లాంపు బిగించాను. మళ్ళీ పంపు కొడితే ముల్లు కదల్లేదు.

ఇంజను స్టార్ట్ చేయగానే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ అంతే. కారణం తెలియకపోతే భయం వేసేది. ఇన్నాళ్ళూ ఐడిలింగ్ నడిచింది లీకయ్యే గాలి మీద. అది ఆగిపోయింది కాబట్టి ఐడిలింగ్ స్క్రూ లోపలికి తిప్పి స్లైడు కాస్త లేపాల్సి వచ్చింది. ఆ తర్వాత కుదురుగా కూర్చుంది. థ్రాటిల్ మూస్తే టక్కున దిగుతోంది. ఆ ఒక్క మార్పుకే ఈ పనంతా చేసినా నష్టం లేదనిపించింది.

కానీ ముప్పావు థ్రాటిల్ దగ్గర బర్రుమనడం ఇంకా ఎక్కువైంది. ముందు ముప్పావు దాటాకే మొదలయ్యేది, ఇప్పుడు సగం థ్రాటిల్ నుంచే మొదలు. పెట్రోలు ఎంత ఎక్కువ పోతోందో ఆ దొంగగాలి ఇన్నాళ్ళూ కప్పిపెట్టింది. లీకు మూయకుండా ముందే చిన్న జెట్ వేసి ఉంటే చప్పుడు బాగుండేది, పిస్టన్ మాత్రం పోయేది.

ఇక ఫిల్టరు. డబ్బా విప్పితే స్పాంజి నిండా నూనె పెట్రోలు, పిండితే కారుతోంది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఈ ఇంజనుకు రీడ్ వాల్వు (గాలిని ఒకవైపే పోనిచ్చే రేకు) లేదు, పిస్టన్ అంచే ఇన్‌టేక్ పోర్టును తెరిచి మూస్తుంది. తక్కువ స్పీడులో లోపలికి పీల్చుకున్న దాంట్లో కొంత వెనక్కి తన్ని, కార్బురేటర్ నోట్లోంచి పొగలా బయటికొస్తుంది. అదే స్పాంజిని తడిపేది. తడిసిన స్పాంజిలోంచి గాలి ఆడదు, గాలి ఆడకపోతే మిశ్రమం మరింత చిక్కన, అప్పుడు మరింత నూనె. స్పాంజిని సబ్బునీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, చాలా తక్కువ నూనె రాసి పిండి పెట్టాను. అప్పటికే తేడా తెలిసింది.

ఆ తర్వాతే డ్రిల్లు తీశాను. మూతకున్న సందులు మొత్తం కలిపినా కార్బురేటర్ గొంతంత వైశాల్యం లేదు. మూత కింది భాగంలో, వానా దుమ్మూ నేరుగా పడని వైపు, రంధ్రాలు పెట్టుకుంటూ పోయాను. కొన్ని పెట్టడం, నడిపి చూడటం, మళ్ళీ కొన్ని. గొంతు వైశాల్యం దాటాక ఇంకెన్ని పెట్టినా ఏ మార్పూ లేదు, పీల్చే చప్పుడు పెరగడం తప్ప. అక్కడ ఆపేశాను. ఫిల్టరే తీసేసి నడపమన్న సలహా కూడా వచ్చింది. ఇంజను పిస్టన్‌కు దుమ్మును మించిన శత్రువు లేదు, ఆ సలహా నేను పట్టించుకోలేదు.

జెట్లు వచ్చేసరికి నవంబరు మూడో వారం దాటింది. విప్పితే పాత జెట్ మీద 70 అని ఉంది. ఈ అంకె మామూలుగా రంధ్రం వ్యాసం, అంటే 0.70 మిల్లీమీటర్లు. 70 నుంచి 65కు దిగితే చిన్న మార్పే అనిపిస్తుంది కానీ వైశాల్యం లెక్కన పెట్రోలు దారి 14 శాతం తగ్గుతుంది. అందుకే ఒక్కో మెట్టే దిగాలి. ఇంకో సంగతి, చౌక జెట్ల మీది అంకెల్ని నమ్మడానికి లేదు. సన్నటి డ్రిల్ బిట్ల వెనక్కొస, నున్నగా ఉండే వైపు, రంధ్రంలో దూర్చి చూస్తే నా 70 జెట్‌లో 0.75 బిట్ హాయిగా దూరింది. సెట్టులో వచ్చిన వాటిని కూడా అలాగే కొలిచి, చిన్న కవర్లలో వేసి, అసలు సైజు రాసి పెట్టుకున్నాను.

జెట్ మార్చడం పది నిమిషాల పని అంటారు. నిజమే, అడుగు గిన్నెకున్న గాస్కెట్ సహకరిస్తే. పెట్రోలులో నానిన ఆ రబ్బరు రింగు బయటికి తీయగానే ఉబ్బి పెద్దదైపోతుంది, మళ్ళీ గాడిలో పట్టదు. ఒత్తితే ఒక వైపు దూరి ఇంకో వైపు లేస్తుంది, అలాగే బిగిస్తే కారుతుంది. రాత్రంతా గాలికి ఆరబెడితే మళ్ళీ మామూలు సైజుకు వస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే రెండు గాస్కెట్లు కొని మార్చి మార్చి వాడేవాణ్ణి. నాకు పోయిన సమయంలో సగం ఆ రబ్బరు ఎండడానికే పోయింది. గిన్నె స్క్రూలు కూడా మెత్తటివి, స్క్రూడ్రైవర్ జారితే తల అరిగిపోతుంది. వాటి బదులు అలెన్ కీ బోల్టులు వేసుకోవడం సుఖం.

ఏ జెట్ సరైనదో చెప్పేది ప్లగ్గు. అయితే ఊరికే విప్పి చూస్తే కనిపించే రంగు ఐడిలింగ్‌ది, నింపాదిగా ఇంటికొచ్చినప్పటిది. ఫుల్ థ్రాటిల్‌లో ఏం జరుగుతోందో తెలియాలంటే ప్లగ్ చాప్ చేయాలి. ఇంజను బాగా వేడెక్కాక కొత్త ప్లగ్గు వేసి, మనుషులూ బళ్ళూ లేని తిన్నటి చోట ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగి, అదే స్పీడులో ఉండగా కిల్ స్విచ్ నొక్కి, అదే క్షణంలో క్లచ్ పట్టుకుని, సైకిల్‌ను దొర్లనిచ్చి ఆపాలి. మొదటిసారి చేసేటప్పుడు చేతులు వణికాయి. ఎన్‌జీకే బీ6హెచ్ఎస్ లాంటి ఖరీదు ప్లగ్గు కాదు, అదే సైజులో చౌకరకం వాడినా చూడటానికి సరిపోతుందని ముందు అనుకున్నాను, కానీ పింగాణీ తీరు, వేడి తట్టుకునే రేంజి ఒకటే అయితేనే పోలిక కుదురుతుంది. అన్నీ ఒకే రకం కొన్నాను. మొత్తం పనిలో జెట్ల కన్నా ప్లగ్గులకే ఎక్కువ ఖర్చయింది.

చూడాల్సింది ప్లగ్గు కొసన కాదు. తెల్ల పింగాణీ లోపలికి వెళ్ళి ఇనుముతో కలిసే అడుగున ఒక సన్నటి రింగు ఉంటుంది. దాని రంగే మిశ్రమం చెప్పేది. టార్చి, భూతద్దం లేకపోతే కనిపించదు. పాత జెట్‌తో అక్కడ నల్లటి మసి. ఒక మెట్టు దిగితే ముదురు గోధుమ. 65తో లేత గోధుమ, చప్పుడు కూడా ఫుల్ థ్రాటిల్ దాకా సాఫీగా, సన్నగా, గట్టిగా ఉంది. ఇంకో మెట్టు దిగి చూడాలనే ఆశ పుట్టింది, నిజం చెప్పాలంటే. 60తో మొదట్లో ఇంకా చురుగ్గా లాగింది. కానీ ప్లగ్గు అడుగున రింగే లేదు, పింగాణీ అంతా తెల్లగా ఉంది, హెడ్డు దగ్గరికి చెయ్యి పెట్టలేకపోయాను. పెట్రోలు తక్కువైన ఇంజను చచ్చే ముందు బాగా లాగుతుందని చెప్పగా విన్నాను, ఆ చురుకుదనం చూశాక నమ్మకం కుదిరింది. వెంటనే 65కు వచ్చేశాను.

నీడిల్ సంగతి తేలిగ్గానే తేలిపోయింది. పావు నుంచి ముప్పావు థ్రాటిల్ దాకా దాని పెత్తనమే. మధ్యలో కాస్త బరువుగా లాగుతుంటే క్లిప్పును ఒక గాడి పైకి మార్చాను. క్లిప్పు పైకి పోతే నీడిల్ కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. ఆ క్లిప్పు ఎగిరిపోతే దొరకదు, అందుకని ప్లాస్టిక్ కవర్లో చేతులు పెట్టి తీశాను. స్లైడు తిరిగి దించేటప్పుడు ఏటవాలుగా కోసి ఉన్న వైపు ఫిల్టరు వైపుకే ఉండాలి, పక్కనున్న గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. దించాక థ్రాటిల్ తిప్పి వదిలితే టక్కుమని మూసుకోవాలి. అది విన్నాకే పెడల్ తొక్కి స్టార్ట్ చేయాలి.

డిసెంబరులో ఒక చలి ఉదయం బండి తీస్తే అదే 65 జెట్‌తో ప్లగ్గు లేతరంగుకు తిరిగింది. చల్లగాలి చిక్కన, అదే గొంతులోంచి ఎక్కువ ఆక్సిజన్ పోతుంది, జెట్ మాత్రం అంతే పెట్రోలు ఇస్తుంది. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. అటూ ఇటూ మార్చే ఓపిక లేక, 68గా కొలిచిన జెట్ వేసి వదిలేశాను. వేడి మధ్యాహ్నం ఫుల్ థ్రాటిల్ చివర్లో చిన్నగా బర్రుమంటుంది. మననివ్వండి, పిస్టన్ చల్లగా ఉందని దాని అర్థం. ఆయిలు పాళ్ళు 25కు 1 నుంచి మార్చలేదు. మారిస్తే ఈ లెక్కంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఆయిలు ఎక్కువ కలిపితే ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుందన్న సంగతి చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు.

ఇంత చేస్తే టాప్ స్పీడు పెద్దగా పెరగలేదు. గాలికి ఎదురెళ్ళే సైకిల్ అది, ఎంతని పెరుగుతుంది. పెరిగింది పికప్, ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ తొక్కాల్సిన అవసరం చాలావరకు పోయింది. పొగ తగ్గింది, సైలెన్సరు కొసన నల్లటి జిడ్డు కారడం ఆగింది. రంధ్రాల వల్ల ఎంత, లీకు మూయడం వల్ల ఎంత అని అడిగితే, నా లెక్కలో ఎక్కువ వాటా లీకుదీ గాస్కెట్‌దే. ఫిల్టరు స్పాంజి మాత్రం పక్షానికోసారి ఉతకాల్సి వస్తోంది, ఆ వెనక్కి తన్నే పొగకు నా దగ్గర మందు లేదు.